ఎనిమిది చక్రాలూ ఒకేలా తప్పినా ఫర్వాలేదు: ఇంట్లో చేసుకునే ఆవిరి ఇంజను చక్రాల సంగతి

లేత్ ఆపి, కొలిచే వెర్నియర్ పెట్టి చూసి, "అన్నా, 118.4 రావాలె, 118.1 వచ్చింది" అని మొహం వేలాడేశాను. మూడు నెలల పని, మొదటి చక్రం, మొదటి రోజే 0.3 మిల్లీమీటరు ఎక్కువ కోసేశాను. వరంగల్ ఆటోనగర్‌లో ఆ లేత్ షాపు అన్న చాయ్ గ్లాసు కింద పెట్టకుండానే, "అయితే ఏమైతది తమ్మీ? మిగిలిన ఏడు కూడ గంతకే కొట్టు" అన్నాడు.

నన్ను ఊరడించడానికి అన్నాడనుకున్నాను. ఊరడింపు కాదని, ఇంజను చక్రాల పనంతా ఆ ఒక్క మాట మీదే నడుస్తుందని తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది. చిన్న ఆవిరి ఇంజను చేద్దామనుకునేవాళ్లు అందరూ బాయిలర్ గురించి భయపడతారు. భయపడాల్సిందే. కానీ ముందుగా తికమక పెట్టేవి చక్రాలు. చూడ్డానికి గుండ్రటి ఇనుప బిళ్ల, అంతే కదా అనిపిస్తుంది.

ముందు నా ఇంజను గురించి రెండు ముక్కలు. కాజీపేట దగ్గర పుట్టిపెరిగినవాడికి రైలు పిచ్చి ఉండటం వింతేమీ కాదు. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే మద్రాసుకు, ఢిల్లీకి మధ్య సూటి దారి పడింది, ఆ దారి మా ఊరి మీదుగా పోతుంది. మా బాపు తరంవాళ్లకు సింగరేణి బొగ్గు పొగ వాసన ఇంకా గుర్తే. నేను చేస్తున్నది డబ్ల్యూజీ రకం గూడ్సు ఇంజనుకు నమూనా. చిత్తరంజన్ కార్ఖానా నుంచి 1950లో బయటికొచ్చిన తొలి ఇంజను 'దేశబంధు' ఈ రకానిదే. ఈ రకంలో చివరిది 1970లో వచ్చిన 'అంతిమ్ సితార'. ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఇంజను బలంతో తిరిగే ఎనిమిది పెద్ద చక్రాలు, వెనక మళ్లీ రెండు చిన్నవి. మన బ్రాడ్ గేజ్ పట్టాల మధ్య దూరం 1676 మి.మీ., నా పట్టాల మధ్య 5 అంగుళాలు, అంటే 127 మి.మీ. భాగిస్తే 13.2 వస్తుంది. అసలు ఇంజను పెద్ద చక్రం 1562 మి.మీ. కాబట్టి నాది 118.4. ఇంగ్లండు డ్రాయింగులు తెచ్చుకునేవాళ్లు ఇక్కడ జాగ్రత్తపడాలి. వాళ్ల అసలు గేజి 1435 మి.మీ., అదే 5 అంగుళాల పట్టా మీద వాళ్ల ఇంజను మనదానికంటే పెద్ద స్కేలులో ఉంటుంది. మన ఇంజనును ఆ లెక్కన కొలిస్తే అన్నీ తప్పుతాయి.

ఇది షోకేసులో పెట్టుకునే బొమ్మ కాదు. బొగ్గు వేసి, నీళ్లు కాచి, వెనక బండిలో మనుషులను కూర్చోబెట్టి లాగాల్సినది. అందుకే చక్రం ఎట్లా పని చేస్తుందో తెలియకుండా కోయడం కుదరదు.

మేడారం జాతరకు బండ్లు కట్టుకుని పోయిన ఇంట్లో పుట్టినవాళ్లకు ఇది తేలిగ్గా ఎక్కుతుంది. ఎడ్లబండి ఇరుసు తిరగదు, దాని చివర గిర్ర తిరుగుతుంది. ఊడిపోకుండా శీల ఉంటుంది. మలుపు తిరిగేటప్పుడు బయటివైపు గిర్ర ఎక్కువ దూరం పోవాలి, లోపలిది తక్కువ. రెండూ విడివిడిగా తిరుగుతాయి కాబట్టి దేని లెక్క దానిది, గొడవ లేదు. రైలులో అట్లా కాదు. రెండు చక్రాలూ ఇరుసుకు బిగించి ఉంటాయి. ఇరుసుతో పాటే తిరుగుతాయి, ఒకటి ఒక చుట్టు తిరిగితే రెండోది కూడా సరిగ్గా ఒక చుట్టే తిరగాలి. మరి మలుపులో బయటి చక్రం ఎక్కువ దూరం ఎట్లా పోతుంది?

చక్రం లోపలి అంచున లేచి ఉండే గట్టు, దాన్ని ఫ్లాంజి అంటారు, అదే రైలును తిప్పుతుందని చాలామంది నమ్మకం. నేనూ అదే అనుకున్నాను. తిప్పేది అసలు అది కాదు. చక్రంలో పట్టా మీద ఆనే భాగాన్ని ట్రెడ్ అంటారు, అది సాపుగా ఉండదు. ఫ్లాంజి వైపు కాస్త లావుగా, బయటి వైపు కాస్త సన్నగా, వాలుగా ఉంటుంది. మన రైల్వేలో ఆ వాలు 20కి 1. అంటే పక్కకు 20 మి.మీ. జరిగితే చక్రం మధ్య నుంచి ఎత్తు 1 మి.మీ. మారుతుంది.

నమ్మకం లేకపోతే కాజీపేట చౌరస్తాలో చాయ్ తాగి రెండు పేపర్ కప్పులు జేబులో వేసుకుని రండి. మూతి మూతి కలిపి టేపు అతికించండి. మధ్యలో లావు, చివరలకు సన్నం. ఇప్పుడు రెండు చీపురు కర్రలను పట్టాల్లా కాస్త వాలుగా పెట్టి దొర్లించండి. వంకరగా పెట్టినా తనే సర్దుకుని నడిమికొచ్చి దొర్లిపోతుంది. అవే కప్పులను విడదీసి అడుగు అడుగు కలిపి అతికించి దొర్లిస్తే జానెడు పోయేలోపు పక్కకు జారి పడిపోతుంది. మా ఇంట్లో పిల్లలు దీన్ని గంటసేపు ఆడారు. ఫ్లాంజి లేదు, ఏమీ లేదు, ఉన్నది వాలే.

మలుపులో జరిగేదీ ఇదే. బండి బయటివైపుకు కాస్త జరుగుతుంది. బయటి చక్రం తన లావు భాగం మీద, లోపలి చక్రం తన సన్న భాగం మీద నడుస్తాయి. ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం పోతుంది. లెక్క కూడా చిన్నదే. 1 మి.మీ. పక్కకు జరిగితే ఒక చక్రం వ్యాసం 0.1 పెరిగినట్టు, రెండోది 0.1 తగ్గినట్టు. మొత్తం తేడా 0.2 మి.మీ. ఈ 0.2ను గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

అసలు రైలుతో చూద్దాం. రెండు డిగ్రీల మలుపు అంటే 875 మీటర్ల వ్యాసార్ధం. రెండు చక్రాలు ఆనే చోట్ల మధ్య దూరం సుమారు 1750 మి.మీ., అంటే బయటి చక్రం లోపలిదానికంటే 500లో ఒక వంతు పెద్దది కావాలి. పెట్టె చక్రం కొత్తగా 915 మి.మీ. ఉంటుంది, దానిలో 500వ వంతు 1.83. దాన్ని 0.2తో భాగిస్తే 9 మి.మీ. పైచిలుకు. బ్రాడ్ గేజ్‌లో ఫ్లాంజికి, పట్టాకు మధ్య ఆట, అంటే ఖాళీ, మొత్తం 19 మి.మీ., ఒక్కోవైపుకు తొమ్మిదిన్నర. అంటే ఆ మలుపు వరకు వాలే బండిని తిప్పేస్తుంది, ఫ్లాంజి ఊరికే కాపలా.

ఇప్పుడు నా ఇంజను. పరకాల దారిలో మా మామిడితోటలో పట్టాలు వేసుకున్నాను, మలుపు వ్యాసార్ధం 15 మీటర్లు. చక్రాలు ఆనే దూరం సుమారు 130 మి.మీ., అంటే 115లో ఒక వంతు తేడా కావాలి. 118 మి.మీ. చక్రానికి అది 1 మి.మీ. అంత తేడా రావాలంటే బండి పక్కకు 5 మి.మీ. జరగాలి. నా దగ్గర ఉన్న ఆట ఒక్కోవైపు 1 మి.మీ. మాత్రమే. వాలు అయిదో వంతు పని చేస్తుంది, మిగతాది చక్రం జారుతూ, ఫ్లాంజి పట్టాను రాస్తూ గడిచిపోవాల్సిందే. కారణం సులువే. ఇంజనును 13 రెట్లు చిన్నది చేశాం, ఆ 875 మీటర్ల మలుపును మాత్రం 58 రెట్లు చిన్నది చేశాం. తోట అంతే ఉంది మరి.

అట్లాగైతే వాలు కోయడం ఎందుకు, సాపుగా కోసేస్తే పోదా అని అడగొచ్చు. సూటిగా ఉన్న దారిలో బండిని నడిమిన ఉంచేది వాలే. అది లేకపోతే సూటి పట్టా మీద కూడా ఒక ఫ్లాంజి ఎప్పుడూ రాసుకుంటూనే ఉంటుంది. నా మటుకు వాలు కోయని చక్రం సగం చక్రమే.

ఫ్లాంజి మందం దగ్గర మాత్రం స్కేలును పక్కన పెట్టాలి. అసలు ఫ్లాంజి 28.5 మి.మీ., 13.2తో భాగిస్తే రెండు మి.మీ. చిల్లర. తోట పట్టాలు అంత నున్నగా ఉండవు, ఎండుటాకులు, ఇసుక, కీళ్ల దగ్గర ఎత్తుపల్లాలు ఉంటాయి. అందుకని 3 మి.మీ. పెట్టాను. చక్రాల వీపుల (ఎదురెదురుగా ఉండే లోపలి ముఖాల) మధ్య దూరం కూడా అంతే, అసలు రైలుకు 1600 మి.మీ., చిన్న 5 అంగుళాల గేజికి 119. స్కేలు ప్రకారం అయితే 121 రావాలి. ఈ 119 అందరూ పాటించే కొలత. వేరేవాళ్ల పట్టాల మీద, ముఖ్యంగా దారి చీలే పాయింట్ల దగ్గర, బండి దిగిపోకుండా ఉండాలంటే దీంతో ఆటలాడకూడదు.

ఇక బీడు సంగతి. చక్రాలు కాస్ట్ ఐరన్‌తో పోత పోయిస్తారు, మా దగ్గర బీడు అంటాం. ముందు ఇసుకలో అచ్చు తీయడానికి టేకుతో నమూనా, అంటే ప్యాటర్న్ చేసుకోవాలి. పోసిన బీడు చల్లారేటప్పుడు నూటికి ఒక వంతు చొప్పున కుంచించుకుంటుంది, కాబట్టి ప్యాటర్న్ అంత పెద్దదిగా ఉండాలి. కోతకు పోయే 3 మి.మీ. దానికి అదనం. చక్రానికి ఆకులు ఉంటాయి, బండి గిర్రకున్నట్టే. ఆకుల మధ్య లేత్ చేయగలిగేది ఏమీ లేదు. ప్యాటర్న్ ఎంత నున్నగా ఉంటే చక్రం అంతే.

మొదటిసారి నేను పోయించిన ఎనిమిదిలో మూడు పనికి రాలేదు. ఎక్కడ పోయించానో చెప్పను, పేరు అక్కర్లేదు. కోసే టూలు కార్బైడ్ టిప్పు ఫ్లాంజి అంచుకు తగలగానే కీచుమని ఒక మెరుపు, మూల విరిగిపోయింది. ఇంకోటి పెట్టాను, అదీ పోయింది. అన్న వచ్చి ఆకురాయితో గీసి చూసి, "గిది బీడు కాదు తమ్మీ, రాయి" అన్నాడు. నిజంగానే రాయి లాంటిదే. బీడులో 3 శాతం పైగా కార్బన్ ఉంటుంది. నెమ్మదిగా చల్లారితే ఆ కార్బన్ గ్రాఫైట్ రేకులుగా విడిపోయి బీడు మెత్తగా కోతకొస్తుంది. అచ్చులో ఇసుక తడిగా ఉన్నా, అంచు మరీ పలచగా ఉన్నా గబుక్కున చల్లారి, కార్బన్ ఇనుముతోనే కలిసి గట్టి కార్బైడ్ అయిపోతుంది. మందు ఒకటే, మళ్లీ ఎర్రగా కాల్చి నెమ్మదిగా చల్లార్చడం. బొగ్గుల కొలిమిలో కాల్చి, రైస్ మిల్లు ఊక బూడిదలో పూడ్చి రాత్రంతా వదిలేశాం. పొద్దున చెయ్యి పెడితే ఇంకా వెచ్చగానే ఉంది. రెండు బాగుపడ్డాయి. మూడోది ఇప్పుడు మా ఇంట్లో తలుపుకు అడ్డం పెట్టేది.

మంచి బీడును కోయడం హాయి. నూనె అక్కర్లేదు, గ్రాఫైటే నూనె. ఒకటే సూత్రం, మొదటి కోత భయపడకుండా లోతుగా పెట్టాలి. పైపొరలో కాలిన ఇసుక అతుక్కుని ఉంటుంది, పైపైన గీరితే టూలు మొన ఆ ఇసుకలోనే నలిగిపోతుంది. పొర కిందికి దూరితే పొర దానంతట అదే పెచ్చులూడుతుంది. స్పీడు తక్కువ. హైస్పీడ్ స్టీల్ టూలుకు నిమిషానికి 20 మీటర్ల లెక్కన నిమిషానికి 50 చుట్లు, అంటే స్పీడు తగ్గించే బ్యాక్ గేరు వేయాల్సిందే. కోత పొడి నల్లటి పౌడరు, లేత్ బెడ్ మీద పడితే దాన్నే అరగదీస్తుంది. అందుకని బెడ్ మీద గుడ్డ కప్పి, పని కాగానే తుడిచేయాలి. ఇంటికొచ్చి ముక్కు చీదితే నల్లగా వస్తుంది. మాస్కు పెట్టుకోండి.

ఇప్పుడు అసలు చిక్కుముడి. చక్రానికి వీపు, ఇరుసు బెజ్జం, ట్రెడ్, ఈ మూడూ ఒకదానికొకటి సరిగ్గా కుదరాలి. బెజ్జం ట్రెడ్‌కు నడిమిన లేకపోతే బండి ఎగురుతుంది. వీపు బెజ్జానికి నిటారుగా లేకపోతే చక్రం ఊగుతుంది. మూడు దవడలతో పట్టే త్రీ జా చక్‌లో చక్రాన్ని ఒకసారి విప్పి తిప్పి బిగిస్తే ఎంత మంచి చక్కైనా నడిమి కాస్త తప్పుతుంది. కాబట్టి ఒకే పట్టులో ఎన్ని పనులు చేసుకుంటే అన్ని చేసుకోవాలి. నేను ముందు చక్రాన్ని బయటి అంచున పట్టి, వీపు సాపు చేసి, అదే పట్టులో బెజ్జం బోరింగ్ చేసి, దాన్ని సరైన సైజుకు నున్నగా చేసే రీమర్ దింపాను. అప్పుడు వీపు, బెజ్జం కచ్చితంగా నిటారు. ఎనిమిదింటికీ ఇదే.

ట్రెడ్ కోయడానికి చక్‌ను నమ్ముకోలేదు. లేత్‌తో పాటు తిరిగే ఫేస్ ప్లేటుకు ఒక బీడు బిళ్ల బిగించి, దాన్ని అక్కడే సాపు చేసి, నడిమిన బెజ్జానికి సరిపోయే మొలక ఒకటి తిప్పాను. చక్రం వీపు బిళ్లకు ఆనుతుంది, బెజ్జం మొలక మీద కూర్చుంటుంది, నడిమిన నట్టు, ఆకుల సందులో ఒక బోల్టు. ఆ బిళ్లను ఎనిమిదో చక్రం అయిపోయేదాకా లేత్ మీంచి తీయకూడదు. ఆ నాలుగు రోజులు అన్న వేరే పనులన్నీ రెండో లేత్ మీదికి మార్చుకున్నాడు. అంతకంటే పెద్ద సాయం ఎవరూ చేయరు.

వాలుకు, టూలును ఏటవాలుగా నడిపే కాంపౌండ్ స్లైడును తిప్పాలి. 20కి 1 అంటే సుమారు 2.86 డిగ్రీలు, స్లైడు మీది గీతలతో అది పెట్టలేం. నడిమి బిళ్లలో పట్టిన సాపు కడ్డీకి డయల్ గేజి ఆనించి, స్లైడును 20 మి.మీ. నడిపిస్తే ముల్లు సరిగ్గా 1 మి.మీ. కదలాలి. కదిలేదాకా అటూ ఇటూ తట్టడమే. ఫ్లాంజి మొదట్లో ఒకటిన్నర మి.మీ. గుండ్రం వదలాలి, పట్టా మూల అక్కడ గుచ్చుకోకుండా. ఆ గుండ్రానికి నూరుకున్న టూలు వెడల్పుగా ఆనుతుంది కాబట్టి గరగరమని వణుకుతుంది. స్పీడు సగానికి తగ్గిస్తే ఊరుకుంటుంది.

మిగిలిన ఏడింటినీ అర మి.మీ. మిగిల్చి ముందు కోసేశాను. తర్వాత టూలు కొత్తగా నూరి, టూలు ఎంత లోపలికి పోయిందో చూపే క్రాస్ స్లైడు డయలును ఒక అంకె దగ్గర పెట్టి, ఆ ఒకే అంకె దగ్గర ఎనిమిదింటికీ చివరి కోత వేశాను. మైక్రోమీటరు పక్కన పెట్టేశాను. వాలు మీద మైక్రోమీటరు ఎక్కడ పెడితే అక్కడి కొలత చూపిస్తుంది, దాన్ని నమ్ముకుంటే ప్రతి చక్రానికీ ఒక కొత్త నిజం వస్తుంది. డయలుకు ఒకటే నిజం. మొదట్లో పాడైందనుకున్న ఆ 118.1 చక్రమే లెక్కగా మారింది, మిగతావి దానికి తగ్గట్టు వచ్చాయి.

అన్న మాట ఎందుకు నిజమో ఇప్పుడు లెక్క వేయొచ్చు. ఎనిమిదీ 0.3 తక్కువైతే ఇంజను కాస్త నెమ్మదిగా పోతుంది, అంతే, ఎవరికీ తెలియదు. కానీ ఒకే ఇరుసు మీద ఒక చక్రం 0.1 మి.మీ. పెద్దదైతే, ఇందాకటి 0.2తో భాగించండి, ఆ ఇరుసు ఎప్పుడూ అర మి.మీ. చిన్న చక్రం వైపు జరిగి నడుస్తుంది. ఉన్న ఆటలో సగం పోయినట్టే. ఇక ముందు ఇరుసు, వెనక ఇరుసు మధ్య 0.2 తేడా ఉందనుకోండి. అన్ని ఇరుసులనూ రాడ్లు కలిపి కట్టేసి ఉంచుతాయి. చుట్టుకు 0.63 మి.మీ. ఏదో ఒకటి జారాలి. వంద మీటర్లకు 270 చుట్లు, 17 సెంటీమీటర్ల జారుడు, జానెడుకు కాస్త తక్కువ. బొగ్గు తిని ఇంజను తనను తానే ఈడ్చుకుంటుంది.

చక్రాలకు రాడ్లు తగిలించే క్రాంక్ పిన్నుల దగ్గరా ఇదే కథ. ఇరుసుకు ఒకవైపు పిన్ను పైన ఉంటే, రెండోవైపు పిన్ను దానికి 90 డిగ్రీల దూరంలో ఉండాలి. ఒక సిలిండరు చివరికొచ్చి నెట్టలేని స్థితిలో ఉన్నప్పుడు రెండోది పూర్తి బలంతో నెడుతుండాలి, లేకపోతే ఇంజను ఆగినచోటు నుంచి కదలదు. 90 అనగానే అందరికీ టెన్షన్. నిజానికి 89 అయినా ఆవిరికి పట్టదు. నాలుగు ఇరుసులకూ అదే 89 ఉండాలి, అంతే. నా పిన్ను ఇరుసు నడిమి నుంచి 27 మి.మీ. దూరంలో ఉంది, ఒక్క డిగ్రీ తప్పితే పిన్ను అర మి.మీ. పక్కకు పోతుంది. పిన్ను దూరే రాడ్ల బుష్షుల్లో అంత ఆట ఎక్కడిది? రాడ్డు బిగుసుకుపోతుంది. పిన్ను దూరమూ అంతే, 27కు బదులు 26.9 ఉన్నా ఫర్వాలేదు, ఎనిమిదింటికీ బెజ్జం చోటు చూపే ఒకే జిగ్‌తో బెజ్జం వేయాలి.

ఇరుసుకు చక్రం ఎక్కించడానికి నేను లోహాలను అతికించే జిగురు లాక్‌టైట్ వాడాను. గాడి ఉన్న రెండు వీ బ్లాకుల మీద ఇరుసు, ఒక పిన్ను కింద దిమ్మ, రెండో పిన్నుకు మూలమట్టం (ట్రై స్క్వేరు), వీపుల మధ్య 119 మి.మీ. ముక్క. మే నెలలో మన ఎండకు అది నిమిషాల్లో పట్టేస్తుంది, తడుముకునే టైము ఉండదు. మూడో ఇరుసు దగ్గర నేను తడుముకున్నాను. దిమ్మ కింద ఒక చిన్న బీడు రవ్వ ఉందని గమనించలేదు. రాడ్లు తొడిగి చేత్తో తిప్పితే చుట్టుకు రెండుసార్లు పట్టేస్తోంది. రాడ్లు ఒక్కో జతే విప్పుతూ వెతికితే మూడోదని తేలింది. చక్రం నడిమిని బాగా కాల్చి, పీకి, గీకి, మళ్లీ ఎక్కించాను. తప్పు పూర్తిగా నాదే.

పోయిన వారం చక్రాలను మాత్రమే తోట పట్టాల మీద పెట్టాం. ఫ్లాంజి పక్కన అంతా నల్ల మార్కర్ పూసి, ఒక్కో జతనూ వేలితో తోశాను. సూటి దారిలో పదిసార్లు పోయొచ్చినా మార్కర్ చెక్కు చెదరలేదు. మలుపులోకి తోశాను. మొదటిసారికే బయటి చక్రం ఫ్లాంజి మీద నలుపు గీత కింద ఇనుము మెరిసింది, సరిగ్గా లెక్క చెప్పినట్టే. అన్న వంగి చూసి, "పట్టాకు జర గ్రీజు పెట్టు" అన్నాడు.